బడి మొహం చూడని చరిత్రకారిణి

ప్రశ్న: ఆడవాళ్ల జీవితకథలు సేకరించి రాసిన తొలితరం తెలుగు రచయిత్రి ఎవరండీ? ఆవిడ ఏం చదువుకున్నారు?

జవాబు: భండారు అచ్చమాంబ గారమ్మా, 1874లో నందిగామలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లయింది, బడికెళ్లింది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చేసుకున్నారు, తర్వాత మరాఠీ, బెంగాలీ కూడా! పిల్లలు పోయిన దుఃఖంలోనూ పుస్తకాలు వదల్లేదు. ఆడవాళ్లకి తెలివి తక్కువనే వాళ్లకి సాక్ష్యాలతో జవాబు చెప్పాలని, దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు వెతికి వెతికి రాసి 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చారు. పురాణ స్త్రీలు, విదేశీ స్త్రీల గురించి కూడా రాయాలనుకున్నారు గానీ 1905లో, ముప్పయ్యేళ్లకే పోయారు. ఎంత అన్యాయం! ఆవిడ కథల్లో ‘ధనత్రయోదశి’తో మొదలుపెట్టండి, చిన్నది, ఒక్క పూటలో అయిపోతుంది.