తక్కువ ఖర్చులో కాంటాక్ట్ లెన్సులు: ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేయకూడదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 23 ఏళ్లు. మాది విజయనగరం దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నాను. పదో తరగతి నుంచి కళ్లద్దాలు వాడుతున్నాను. కుడి కంటికి మైనస్ 5.50, ఎడమ కంటికి మైనస్ 4.50, దానికి తోడు సిలిండర్ (నల్లగుడ్డు వంపులో తేడాను సరిదిద్దే పవర్) మైనస్ 0.50 ఉంది. అద్దాల చీటీలోని నంబర్లు చూసి, ఏడాదిపాటు వాడే లెన్సులను ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే తెప్పించుకున్నాను. పది రోజులైంది. పెట్టుకోవడానికే అరగంట పడుతోంది. రెండు గంటలు గడిస్తే కుడి కంట్లో నలుసు పడ్డట్టు గరగరలాడుతోంది, సాయంత్రానికి తలనొప్పి వస్తోంది. అలవాటు పడితే అదే తగ్గిపోతుందని, లెన్సులను కడిగి నానబెట్టే సొల్యూషన్ త్వరగా అయిపోకుండా అందులో ప్యూరిఫయర్ నీళ్లు కలుపుకోవచ్చని నా రూమ్మేట్ చెబుతోంది. ఇంటికి పంపాల్సింది పోగా కళ్ల కోసం ఎక్కువ ఖర్చు పెట్టలేను. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన వివరాల్లో అన్నిటికంటే ముందు నన్ను ఆలోచింపజేసింది కుడి కంటి గరగర. కొత్తగా లెన్సులు పెట్టుకున్నవారికి మొదటి వారం కంట్లో ఏదో ఉన్నట్టు తెలియడం, కాస్త నీరు కారడం సహజమే. అయితే ఆ ఇబ్బంది రెండు కళ్లలోనూ దాదాపు ఒకేలా ఉండి, రోజురోజుకూ తగ్గుతూ రావాలి. పది రోజుల తర్వాత కూడా ఒక్క కంట్లోనే గరగర మిగిలిందంటే, ఆ లెన్సులోనో ఆ కంటిలోనో ఏదో లోపం ఉందని అనుమానించాలి. కాబట్టి ఈరోజు నుంచే లెన్సులు తీసేసి, కంటి పరీక్ష అయ్యేదాకా కళ్లద్దాలే వాడండి.

ఆ కుడి కంటి లెన్సును ఒకసారి మీరే పరిశీలించండి. చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని, లెన్సును చూపుడు వేలికొన మీద నిలబెట్టి, కిటికీ వెలుతురుకు ఎదురుగా కంటి ఎత్తులో పట్టుకుని పక్కనుంచి చూడండి. అంచులు నిటారుగా లేచి చిన్న గిన్నెలా కనిపిస్తే సరైన వైపే ఉన్నట్టు. అంచులు బయటికి విచ్చుకుని పళ్లెంలా కనిపిస్తే లెన్సు తిరగబడినట్టు. తిరగబడిన లెన్సు కంట్లో కుదురుగా కూర్చోదు, రెప్ప వేసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. తర్వాత అంచు చుట్టూ నెమ్మదిగా చూసుకుంటూ రండి. గోరు తగిలి ఆవగింజలో సగమంత చిరుగు పడినా కన్ను ఓర్చుకోదు. అలాంటి లెన్సును మళ్లీ పెట్టుకోకూడదు.

ఇక తలనొప్పి సంగతి. దానికి కారణాలు చాలా ఉండవచ్చు కానీ, మీ విషయంలో నంబరునే మొదట అనుమానిస్తాను. కళ్లద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు మాత్రం నేరుగా నల్లగుడ్డు మీదే ఉంటుంది. ఆ దూరం పోవడం వల్ల, పవర్ 4 దాటినవారికి లెన్సు నంబరును తిరిగి లెక్కకట్టాలి. మీ కుడి కంటికి అద్దంలో మైనస్ 5.50 ఉంటే లెన్సులో మైనస్ 5.25 సరిపోతుంది. ఎడమ కంటికి సిలిండర్‌లో సగాన్ని కలుపుకుని లెక్కవేస్తే మైనస్ 4.50 దగ్గర ఆగుతుంది; అంత కొద్ది సిలిండర్‌కు సిలిండర్ పవర్ కూడా ఉండే ఖరీదైన టోరిక్ లెన్సు సాధారణంగా అక్కరలేదు. మీరు చీటీలోని నంబరునే తెప్పించుకున్నారు కాబట్టి కుడి కన్ను అవసరానికి మించిన పవర్‌తో రోజంతా కంప్యూటర్ ముందు శ్రమపడుతూ ఉండవచ్చు. నంబరు ఒక్కటే చాలదు. నల్లగుడ్డు వంపును కొలిచి, దానికి తగిన బేస్ కర్వ్ (లెన్సు లోపలి వంపు), వ్యాసం ఎంచుకుని, ట్రయల్ లెన్సు పెట్టి పావుగంట ఆగిన తర్వాత అది రెప్పతోపాటు తగుమాత్రంగా కదులుతోందా, బిగుసుకుపోతోందా అని స్లిట్ ల్యాంప్‌లో, అంటే కంటిని పెద్దదిగా చూపే పరికరంలో చూడాలి. లెన్సుల కోసం పెట్టే డబ్బులో మొదటి వాటా ఈ పరీక్షకే దక్కాలి. మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో పెద్దగా ఖర్చు లేకుండా కంటి పరీక్ష చేయించుకోవచ్చు. లెన్సు కొలతలు మాత్రం కాంటాక్ట్ లెన్సుల విభాగం ఉన్న చోట తీయించుకుని, ఆ వివరాలను కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే ఆన్‌లైన్‌లో ధర తక్కువున్న చోట కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి, లెన్సులు కూడా వాటిలో భాగమే. అందువల్ల పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు వివరాలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే తిప్పి పంపండి. ఫ్యాన్సీ దుకాణాల్లో అమ్మే రంగు లెన్సుల జోలికి అసలే వెళ్లవద్దు.

ఇప్పుడు ఖర్చు లెక్క చూద్దాం. ఏడాది లెన్సు చవకగా కనిపిస్తుంది కానీ, దానితోపాటు ఏడాది పొడవునా సొల్యూషన్ కొనాలి. శుభ్రంగా వాడితే రోజుకు 10 మిల్లీలీటర్ల చొప్పున 120 మిల్లీలీటర్ల సీసా 12 రోజుల్లో అయిపోతుంది. అన్ని నెలలు వాడిన లెన్సు మీద కన్నీటిలోని ప్రొటీన్లు, కొవ్వు పేరుకుపోతాయి. పైగా నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియాకు రక్తనాళాలు ఉండవు. తనకు కావలసిన ఆక్సిజన్‌ను అది చాలావరకు గాలి నుంచే తీసుకుంటుంది. ఏడాది లెన్సుల్లో సాధారణంగా వాడే పాత రకం హైడ్రోజెల్ (నీటిని పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్) కంటే, నెల లెన్సుల్లో దొరికే సిలికాన్ హైడ్రోజెల్ కొన్ని రెట్లు ఎక్కువ ఆక్సిజన్‌ను లోపలికి పోనిస్తుంది. మీ పవర్‌కు లెన్సు అంచు మందంగా ఉంటుంది కాబట్టి ఈ తేడా మీకు మరీ ముఖ్యం.

అందువల్ల ముందుగా మీరు వారానికి ఎన్ని రోజులు లెన్సులు పెట్టుకోవాలనుకుంటున్నారో తేల్చుకోండి. ఐదారు రోజులైతే సిలికాన్ హైడ్రోజెల్ నెల లెన్సులు గిట్టుబాటవుతాయి. పెళ్లిళ్లకు, సెలవు రోజులకు కలిపి వారానికి రెండు రోజులే అయితే, ఏ రోజుకారోజు పారేసే లెన్సులు చూడటానికి ఖరీదనిపించినా లెక్కలో తేలికగా తేలతాయి. మీ రెండు కళ్లకూ నంబర్లు వేరు కాబట్టి 30 లెన్సుల పెట్టెలు రెండు కొనాలి. అవి వారానికి రెండు రోజుల చొప్పున 15 వారాలు వస్తాయి, సొల్యూషన్ ఖర్చు కూడా ఉండదు. నా దగ్గరకు వచ్చే హాస్టల్ పిల్లలకు నేను చాలాసార్లు చెప్పేది ఇదే: పని రోజుల్లో అద్దాలు, కావలసిన రోజుల్లో డైలీ లెన్సులు. నెల లెన్సు విషయంలో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. నెల అంటే ప్యాకెట్ విప్పిన నాటి నుంచి 30 రోజులు. మధ్యలో పది రోజులే పెట్టుకున్నా, మిగిలిన ఇరవై రోజులు తర్వాతి నెలకు జమ కావు.

నీళ్లు కలపమన్న సలహాను దయచేసి పాటించవద్దు. మీ రూమ్మేట్ మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది కానీ, నీరు కలిస్తే సొల్యూషన్‌లో క్రిములను చంపే మందు పలచబడుతుంది, మెత్తని లెన్సు ఉబ్బి కంటికి అతుక్కుంటుంది. కుళాయి నీటిలో, ట్యాంకు నీటిలో, బావి నీటిలో ఎకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. అది కార్నియాలో చేరితే నెలల తరబడి వైద్యం చేయాల్సి వస్తుంది, కొందరికి చివరకు కంట్లో పువ్వు మిగిలిపోతుంది. అందుకే లెన్సు ముట్టుకునే వేళ్ల మీద తడి కూడా ఉండకూడదు. స్నానానికి, ఈతకు, పుష్కర స్నానానికి లెన్సులతో దిగకూడదు. లెన్సు తీసిన తర్వాత అరచేతిలో పెట్టుకుని, సొల్యూషన్ వేసి వేలితో రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడిగి, డబ్బీలో తాజా సొల్యూషన్ పోసి ఉంచాలి. నిన్నటి దాని మీదే ఇవాళ కాస్త పోయడం పొదుపు కిందకు రాదు. ఖాళీ డబ్బీని సొల్యూషన్‌తో కడిగి శుభ్రమైన కాగితం మీద బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకోసారి మార్చండి.

పెట్టుకోవడానికి అరగంట పడుతోందని దిగులు పడవద్దు. కొత్తవారిలో ఆ ఆలస్యం ఎక్కువగా భయం వల్లే. లెన్సు జారి కంటి వెనక్కి పోతుందేమోనని నన్ను అడగనివారు అరుదు. కంటి తెల్లగుడ్డును కప్పే పొర రెప్పల లోపలికి మడతపడి అక్కడితో మూసుకుపోతుంది కాబట్టి వెనక్కి పోవడానికి దారే లేదు. వాష్‌బేసిన్ దగ్గర నిలబడకుండా, బల్ల ముందు కూర్చుని, శుభ్రమైన తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద ముఖం చూసుకునే అద్దాన్ని వెల్లకిలా పెట్టి తల వంచి చూడండి. ఎడమ చేతి వేలితో పై రెప్పను వెంట్రుకల మొదట్లోనే పట్టి ఎత్తండి, కుడి చేతి మధ్యవేలితో కింది రెప్పను లాగండి. రోజూ కుడి కంటితోనే మొదలుపెడితే రెండు లెన్సులు ఒకదానికొకటి మారిపోవు.

పరీక్ష అయ్యి కొత్త లెన్సులు తీసుకున్నాక మొదటి రోజు నాలుగు గంటలే ఉంచుకోండి. రోజుకో గంట, రెండు గంటలు పెంచుకుంటూ రెండో వారానికి ఎనిమిది, పది గంటలకు చేరితే చాలు. ఆఫీసు నుంచి రాగానే తీసేసి అద్దాలు పెట్టుకోండి. ఏసీ గదిలో స్క్రీన్ ముందు రెప్ప వేయడం బాగా తగ్గిపోయి లెన్సు ఎండిపోతుంది. అవసరమైతే లెన్సుల మీద వాడదగినదని రాసి ఉన్న చుక్కల మందును డాక్టర్‌ను అడిగి వాడండి. పన్నీరు, ఆముదం, చనుబాలు వంటివి కంట్లో వేయకూడదు. కాటుకను రెప్ప లోపలి అంచుకు దిద్దకండి. పచ్చిమిర్చి తరిగినా, ఆవకాయ కలిపినా ఆ చేత్తో ఆ పూట లెన్సు ముట్టుకోవద్దు. సబ్బుతో ఒకసారి కడిగితే కారం పూర్తిగా వదలదు.

లెన్సులతో నిద్రపోవద్దు. అలా నిద్రపోతే కార్నియాకు ఇన్‌ఫెక్షన్ సోకే ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. విశాఖ వెళ్లే రాత్రి బస్సులో లెన్సులతోనే నిద్రపోయిన ఒక కుర్రాడు మూడో రోజు ఎర్రబడిన కన్నుతో నా దగ్గరకు వచ్చాడు. నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ కనిపించింది. కళ్లకలక అనుకుని అప్పటికే మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేసుకున్నాడు, దానితో పుండు మరింత ముదిరింది. ఊరెళ్లేటప్పుడు మీ బ్యాగులో అద్దాలు, డబ్బీ, చిన్న సొల్యూషన్ సీసా తప్పకుండా ఉంచుకోండి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, పుసి పట్టినా లెన్సు వెంటనే తీసేసి అదే రోజు కంటి డాక్టర్‌ను కలవండి. లెన్సు తీశాక నొప్పి తగ్గినట్టు అనిపించినా వెళ్లడం మానవద్దు. ఆ లెన్సును, డబ్బీని కడగకుండా, పారేయకుండా ఉన్నవి ఉన్నట్టే వెంట తీసుకెళ్లండి. ఏ క్రిమి వల్ల ఇన్‌ఫెక్షన్ వచ్చిందో ల్యాబ్‌లో తేల్చుకోవడానికి అవి పనికొస్తాయి.