ఓపెన్ డే సందేహాలు: బోరు నీళ్లు, విడిపోయిన ఒత్తులు, వేడెక్కే వైరు

ప్రశ్న: ఫిబ్రవరి 28న, సైన్స్ డే నాడు, మా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో ఓపెన్ డే పెడుతున్నాం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బోరు నీళ్లు తెస్తే అక్కడికక్కడే పరీక్షించి చెప్పాలని ఆలోచన. టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) చూసే మీటర్లున్నాయి. సరిపోతాయా?
– సివిల్ విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: సరిపోవు, ఫ్లోరైడ్ సమస్య ఉన్న మీ జిల్లాలో అసలే సరిపోవు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి, దాన్ని మిల్లీగ్రాముల్లోకి మార్చి చూపిస్తుంది, అంతే. కరిగినది ఏ లవణమో దానికి తెలీదు. మీటరు 400 చూపించినా ఆ నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండొచ్చు. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపుండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. ఫ్లోరైడ్ మాత్రం 1, మహా అయితే 1.5.

బల్ల మీద నిక్కచ్చిగా చేయగలిగింది కాఠిన్యం. 50 మి.లీ. నీళ్లు ఫ్లాస్కులో పోసి, 1 మి.లీ. అమ్మోనియా బఫర్, చిటికెడు ‘ఎరియోక్రోమ్ బ్లాక్ టీ’ అనే సూచిక రంగుపొడి వేస్తే వైన్ ఎరుపు వస్తుంది. బ్యూరెట్టులోంచి 0.01 మోలార్ ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసుకునే రసాయనం) ద్రావణం వదులుతూ, నీలం రాగానే ఆపండి. పడిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో కాఠిన్యం వస్తుంది: 14.5 పడితే 290. చాలామంది ఊదారంగు దగ్గరే ఆపేస్తారు, లెక్క తక్కువొస్తుంది. బఫర్ సీసాకు మూత పెట్టకపోతే అమ్మోనియా ఎగిరిపోయి మధ్యాహ్నానికి రంగు తేటగా మారడం మానేస్తుంది.

ఫ్లోరైడ్‌కు నీళ్లు తీసుకుని, చీటీ రాసిచ్చి, ఫలితం తర్వాత ఫోన్లో చెప్పండి. ల్యాబులో ఎలక్ట్రోడ్‌తో చూసేటప్పుడు టిసాబ్ (ఫ్లోరైడ్‌ను విడిగా ఉంచే బఫర్) ద్రావణం కలపకపోతే, నీళ్లలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని అంకె తగ్గుతుంది. తెచ్చేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాటలు: బోరు ఐదు నిమిషాలు వదిలేశాక, ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి నింపాలి. గాజుసీసా వద్దు. ఈ సీసాల్లో బ్యాక్టీరియా పరీక్ష చేయకండి, దానికి స్టెరైల్ సీసా కావాలి. “కాచి తాగితే సరిపోతుందా?” అని తప్పకుండా అడుగుతారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

రెండు కడ్డీలు ముంచి కరెంటిస్తే నీళ్లు గోధుమరంగుకు తిరిగే ఆట దయచేసి పెట్టకండి. ఆర్వో యంత్రాలు అమ్మేవాళ్ల పాత ఎత్తు అది. ఆ రంగు కడ్డీలోని ఇనుముది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగూ రాదు. అందులో చిటికెడు ఉప్పు వేయండి, అదీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ గుట్టు విప్పి చూపించేటట్లయితే మాత్రం తప్పక పెట్టండి, జనం గుమిగూడతారు.

ప్రశ్న: ఊళ్లవాళ్ల కోసం రీసెర్చ్ పోస్టర్లు తెలుగులో వేస్తున్నాం. ఫ్లెక్సీ షాపులో ‘శాస్త్రం’ అన్న మాటలో ఒత్తులన్నీ విడిపోయి వచ్చాయి.
– పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీరు టైపు చేసింది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే ఉమ్మడి అక్షర కోడ్. చాలా షాపుల్లో వాడేది అను ఫాంట్లు, వాటి కోడ్ వేరు. పైగా పాత ఫోటోషాప్, కోరల్ వెర్షన్లకు యూనికోడ్ ఒత్తులు కలపడం రాదు. కాబట్టి షాపుకు టైపు చేసిన ఫైలు ఇవ్వొద్దు. పోస్టరు మీరే తయారుచేసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను పాత్‌లుగా (గీతలుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. అప్పుడవి బొమ్మలే, ఎక్కడ తెరిచినా విడిపోవు. మార్చకముందు ఒక కాపీ దాచుకోండి, తర్వాత అక్షరదోషం దిద్దడం కుదరదు.

ఏ0 సైజు 841 × 1189 మి.మీ. శీర్షిక 85 పాయింట్లు, మ్యాటరు 28కి తగ్గకూడదు. వరసల మధ్య ఎడం ఇంగ్లిష్ పోస్టరు కన్నా ఎక్కువుంచండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంటుగా పంపండి.

ప్రశ్న: ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఎన్ని ప్రాజెక్టులు నడపొచ్చు?
– డిప్లొమా విద్యార్థి, కర్నూలు

జవాబు: ఎన్నని కాదు, ఎన్ని వాట్లని చూడాలి. 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల మీద సుమారు 1380 వాట్లు మోస్తుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు పదున్నా ఫర్వాలేదు, 1500 వాట్ల కెటిల్ ఒక్కటే హద్దు దాటేస్తుంది. దాన్ని 16 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టండి. చుట్ట చుట్టి ఉన్న వైరు మీద లోడు పెడితే లోపలి వరసల వేడి బయటికి పోక పైతొడుగు కరుగుతుంది. మిగిలిన వైరుతో సహా మొత్తం విప్పి పరవండి. షామియానా కింద పచ్చిగడ్డి మీద స్టాలయితే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా కరెంటు ఇవ్వొద్దు.