జ్ఞాపకశక్తికి జింకో, బ్రాహ్మి, కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. షుగర్‌కు పదేళ్లకు పైగా మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. అప్పట్నుంచి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, పాంటోప్రజోల్ (గ్యాస్ మాత్ర) కూడా వేసుకుంటున్నారు. ఆరు నెలలుగా అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మొన్న బ్యాంకుకు వెళ్లి, ఎందుకు వెళ్లారో మర్చిపోయి తిరిగొచ్చారు. మా అన్నయ్య అమెరికా నుంచి జింకో, బ్రాహ్మి, మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ క్యాప్సూల్స్ పంపించాడు. మొదలుపెట్టమంటారా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్రస్తుతానికి ఆ మూడు డబ్బాలూ పక్కన పెట్టండి. జింకో అయితే అసలే వద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలే. వాటికి జింకో తోడైతే రక్తస్రావం ముప్పు ఇంకా పెరగొచ్చు. పోనీ ఫలితమైనా ఉందా అంటే అదీ లేదు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందిలో కొందరికి జింకో, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఆరేళ్లకు పైగా గమనించారు. జింకో మోతాదు 120 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు. 2008లో ఫలితాలు వచ్చాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రావడంలో రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు.

పసుపులో ఉండే కర్క్యుమిన్ సంగతి వేరు. ల్యాబ్‌లో మంచి గుణాలే చూపిస్తుంది. కానీ మింగాక పేగుల్లో, కాలేయంలో చాలా త్వరగా మారిపోయి బయటికి పోతుంది, రక్తంలోకి చేరేది స్వల్పం. అందుకే మిరియాల్లోని పైపెరిన్ కలుపుతారు. చిక్కు అక్కడే ఉంది. పైపెరిన్ కర్క్యుమిన్‌తో ఆగదు, మనం వేసుకునే ఇతర మందులు కొన్నింటి మోతాదునూ రక్తంలో పెంచగలదు. ఇలాంటి క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి. వంటింటి పసుపుకు ఈ భయం అక్కర్లేదు. చెంచా పసుపు సుమారు 3 గ్రాములు, అందులో కర్క్యుమిన్ వంద మిల్లీగ్రాముల లోపే. క్యాప్సూల్‌లో ఒక్కదాంట్లోనే 500 మి.గ్రా. దాకా ఉంటుంది. కూరలో పసుపు ఎప్పటిలాగే వేయండి.

బ్రాహ్మి మీద జరిగినవి చిన్న అధ్యయనాలు. రోజుకు 300 మి.గ్రా. సారం 12 వారాలు వాడితే విన్న మాటలు గుర్తుంచుకోవడం కొంత మెరుగైందని కొన్నింటిలో తేలింది. డిమెన్షియాను ఆపుతుందనడానికి మాత్రం రుజువు లేదు. వికారం, కడుపునొప్పి, విరేచనాలు దీని మామూలు ఇబ్బందులు. మెట్‌ఫార్మిన్ వాడేవారికి పొట్ట బాధలు అసలే ఎక్కువ. పైగా బ్రాహ్మి పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతున్నారు: బకోపా మొన్నియెరి, మన సరస్వతి ఆకు సెంటెల్లా ఏషియాటికా. పైన చెప్పిన అధ్యయనాలు మొదటిదాని మీదే. సరస్వతి ఆకు పచ్చడి చేసుకుని తింటే అభ్యంతరం లేదు.

మొక్కల మందులంటే నాకు చులకన అనుకోకండి. అల్జీమర్స్‌కు డాక్టర్లు రాసే గాలాంటమైన్ మొదట స్నోడ్రాప్ అనే పూలమొక్క నుంచే దొరికింది. అదైనా లక్షణాలను కొంతకాలం తగ్గిస్తుందే తప్ప జబ్బును రాకుండా ఆపదు.

మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఈ విటమిన్ ఒంటికి సరిగా పట్టదు, పాంటోప్రజోల్ కూడా అదే పని చేస్తుంది. బి12 తగ్గితే మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలుడు వస్తాయి. సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టు బాగానే ఉన్నా లోపం ఉండొచ్చు, కాబట్టి బి12 విడిగా చేయించండి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. త్వరగా పట్టుకుంటే మతిమరుపు చాలావరకు సర్దుకునే అవకాశం ఉంది. రక్తం లేదని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వడం పొరపాటు. దాంతో రక్తహీనత తగ్గుతుంది కానీ, నరాల నష్టం లోపల్లోపల సాగుతూనే ఉంటుంది.

బి12తో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చేయించండి. గ్లిమిపిరైడ్ వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే షుగర్ 70 కంటే కిందికి పడి అయోమయం వస్తుంది. ఆయన తికమకగా ఉన్నప్పుడు గ్లూకోమీటర్‌తో చూసి రాసిపెట్టండి. అరికాళ్ల మంటలకని అమిట్రిప్టిలిన్, జలుబుకని క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు వాడుతున్నారేమో కూడా చూడండి. పెద్దవాళ్లలో ఇవి జ్ఞాపకశక్తిని మొద్దుబారుస్తాయి. వినికిడి తగ్గిందేమో కూడా పరీక్ష చేయించాలి. సరిగా వినపడని మాటను మర్చిపోయినట్టు మనం పొరబడతాం.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల స్ట్రిప్పులన్నీ, అమెరికా డబ్బాలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. రోజూ ఆయనతో ఉండేవాళ్లే వెంట వెళ్లాలి. మెదడు స్కాన్ కూడా రాయొచ్చు. స్టెంట్ మాత్రలు మాత్రం గుండె డాక్టర్‌ను అడగకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఈలోగా ఆయన కింద పడి తలకు దెబ్బ తగిలినా, ఒకట్రెండు రోజుల్లో మగత, తలనొప్పి, అయోమయం పెరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి సీటీ స్కాన్ చేయించండి.