డెలివరీ ఇచ్చిన విమానం మీద బాకీ: ఆగస్టు దాకా ఆగొద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. నల్గొండ ఆయన ఒకరు తన మోడల్ విమానం తెచ్చి, రిమోట్ నొక్కితే కానోపీ, అంటే పైలట్ సీటు మీది అద్దం మూత, దానంతటదే జరిగేలా చేయమన్నాడు. 38 వేలకు మాట్లాడుకున్నాం, 10 వేలు ఫోన్‌పేలో అడ్వాన్స్ ఇచ్చాడు. రాత్రిళ్లు నిద్ర మానుకుని చేశాను. 2023 ఆగస్టు 14న షాపులోనే చూసుకుని తీసుకెళ్లాడు. మిగతా డబ్బులడిగితే ‘దసరాకి ఇస్తా’ అని వాట్సాప్‌లో పెట్టాడు. ఇప్పుడు మూత ఇరుక్కుంటోంది, ఇవ్వను అంటూ నలుగురిలో పరువు తీశాడు. విమానం ఎగరేసే చోటికి పోయి నా మోటారు, మూత విప్పుకుని తెచ్చుకోవచ్చా? అప్పటి ఫోన్ మా తమ్ముడు వాడుతున్నాడు. అందులో డెలివరీ నాటి వీడియో ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది ఆ తేదీ. డబ్బు ఎప్పుడివ్వాలో ముందు అనుకోలేదు కాబట్టి, చేసిన పని తాలూకు సొమ్ముకు పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి. 1963 లిమిటేషన్ చట్టం 18వ ఆర్టికల్ ఇదే చెబుతుంది. వస్తువు అమ్మినట్టు లెక్కేసినా డెలివరీ నుంచి మూడేళ్లే. అంటే 2026 ఆగస్టు 14. పని అంతకు వారం ముందే అయిపోయిందని అవతలి వకీలు వాదిస్తే ఆ వారం కూడా పోతుంది. జూలై దాటనివ్వకండి.

బాకీ ఒప్పుకుంటూ గడువులోపు సంతకంతో రాసిస్తే మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. వాట్సాప్ మెసేజ్ అలాంటి రాత అవుతుందా అన్నది కోర్టులో వాదన అవుతుంది. దసరా మెసేజ్‌ను నమ్ముకుని కూర్చోకండి. లీగల్ నోటీసు ఇచ్చినా గడువు ఆగదు.

మూత విప్పుకొచ్చే ఆలోచన ఈ క్షణమే మానేయండి. డబ్బు ఇచ్చేదాకా విమానాన్ని షాపులోనే ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మీకిచ్చింది. చేతికిచ్చి పంపిన రోజే అది పోయింది. ఇప్పుడు ఆయన దగ్గర్నుంచి తీస్తే దొంగతనం కేసు మీ మీద పడుతుంది. రావాల్సిన 28 వేలు పక్కన పెట్టి బెయిల్ కోసం తిరుగుతారు.

ఇక వీడియో. ఆయనే రిమోట్ పట్టుకుని, మూత వెనక్కి జరిగి చివర లిమిట్ స్విచ్ టిక్కుమనగానే మోటారు ఆగడం, మళ్లీ ముందుకొచ్చి మూసుకోవడం అందులో కనిపిస్తే, పని బాగుందని ఒప్పుకునే తీసుకెళ్లినట్టు. తర్వాత విమానం గట్టిగా దిగి, మూత జరిగే పట్టాలు వంకరపోయినా మూత ఇరుక్కుంటుంది. లోపం మొదటి నుంచీ ఉందంటే ఆయనే చూపించాలి. ఇంత విలువైన ఫోన్‌ను మూడేళ్లు తమ్ముడికి ఎలా వదిలేశారండీ? ఒక్కసారి రీసెట్ కొడితే ఏం మిగులుతుంది? ఈ రోజే వెనక్కి తీసుకుని, ఏదీ చెరపకుండా బీరువాలో పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇస్తే, దాన్ని ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి. అసలు ఫోనే కోర్టులో చూపిస్తే ఇంకా మేలు. ఫోన్‌పే అడ్వాన్స్ పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, మోటారు, మూతను జరిపే మరల రాడ్డు కొన్న బిల్లులు కూడా తీయండి.

మాట్లాడుకుంది, అప్పగించింది మీ షాపులోనే కనుక మిర్యాలగూడ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే దావా వేయొచ్చు. పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపి, ఆలోపే దావా కాగితాలు సిద్ధం చేయించుకోండి. దావా పడ్డాక లోక్ అదాలత్‌కు పంపమని అడగండి. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది.