‘వెన్నేల’ గురించి

తమ్ముడూ,

నీ పాట రాత్రి నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ పల్లవి మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ‘వెన్నెల’ అని రాసుకుని ‘వెన్నే...ల’ అని పాడావు. దోసెల బండి దగ్గర ఎవరో ‘వెన్న ఏల?’ అని అడుగుతున్నట్టుంది! గొంతుది కాదు తప్పు, ట్యూన్ కట్టడంలో ఉంది. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది దెబ్బలు, నింపడానికి మాటలు చాలక, పాపం ఆ పొట్టి ‘నె’ మీద మూడు దెబ్బలు కూర్చోబెట్టావు. సాగదీయాలంటే చివరి ‘ల’ మీద సాగదియ్యి, చెవి ఒప్పుకుంటుంది. లేదా రెండు దెబ్బలు ఆగి ఎత్తుకో. పడటానికీ పాడటానికీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘమే కదా. ముందు లూప్, అదే మళ్లీ మళ్లీ తిరిగే వాయిద్యం ముక్క, వేసుకుని అందులో మాటలు ఇరికించే ఈ ఫ్యాషన్ వచ్చాక ఇవి చెబితే చాదస్తం అంటున్నారు, అననీ.

మిత్రులు ‘సూపర్’, ‘గూస్‌బంప్స్’ అన్న స్క్రీన్‌షాట్లు కూడా పంపావు. ఎక్కడ సూపరో ఒక్కరూ చెప్పలేదు, చూశావా? నా కుర్రతనంలో ఓ క్యాసెట్ కంపెనీ ఆయన నా పాట సగం విని, టీ తాగుతూ, ‘ఫీల్ తగ్గింది’ అన్నాడు. ఆ ఫీల్ ఎక్కడ దొరుకుతుందో, కిలో ఎంతో చెప్పలేదు. రెండు నెలలు నిద్ర లేకుండా రాగం మార్చాను, శ్రుతి మార్చాను, ఉన్నది కాస్తా పాడుచేశాను. చివరికి ఒక మృదంగం ఆయన, పెద్దగా చదువుకున్నవాడు కాదు, ‘చరణం రెండో లైన్లో ఊపిరి తీసుకునే చోటు లేదండీ’ అన్నాడు. అంతే. ఒక మాట తీసేశాను, పాట నిలబడింది.

స్నేహితుడి పాట నచ్చకపోతే నొప్పించకుండా ఎలా చెప్పాలని అడిగావు. ముందు ఆ కీబోర్డూ, గొంతుకి మోత తగిలించే రివర్బూ తీసేసి, ఒట్టి శ్రుతి పెట్టెతో పాడి పంపమను. ఫలానా లైన్లో ఫలానా మాట నాకు ఇలా వినబడింది అని చెప్పు. అలా అతను పాడాలనుకున్నాడో లేదో అడుగు. కావాలని చేసి ఉంటే వదిలెయ్యి, పాట అతనిది. నొచ్చుకుంటాడా అంటే కొంచెం నొచ్చుకుంటాడు, నువ్వు ఇప్పుడు నా మీద నొచ్చుకుంటున్నట్టే.

అన్నట్టు, మోహన రాగం అన్నావు, మోహనలో మధ్యమం (‘మ’), నిషాదం (‘ని’) స్వరాలు రెండూ లేవు. చరణంలో ‘అమ్మ’ దగ్గర దిగుతూ మధ్యమం తాకించావు. నిషాదం కూడా పట్టుకుని దిగి ఉంటే బిలహరి రాగం అయ్యేది, దాని జోలికి పోలేదు. తెలిసి చేశావో జారిందో గానీ, అక్కడ నా కళ్లు తడిశాయి. దాన్ని ముట్టుకోకు.

యూట్యూబ్ సంగతి నన్నడగకు. జలుబు తగ్గాక పల్లవి మళ్లీ పాడి పంపు, ట్రాక్ లేకుండా.