గుండు చేయించుకున్న మూడు వారాలకే హెయిర్ డ్రగ్ టెస్ట్ - నాకు జరిగింది చెప్తా

బ్రదర్, తిరుమలలో గుండు చేయించుకుని వచ్చి మూడు వారాలే అయింది, హ్యూస్టన్ దగ్గర రిఫైనరీ కాంట్రాక్టర్ జాబ్‌కి హెయిర్ టెస్ట్ (మత్తు పదార్థాలు వాడారా అని వెంట్రుకల్లో చూసేది) అంటున్నారు, తల మీద జుట్టే లేదు ఫెయిల్ రాసేస్తారా అని అడిగారు కదా. రాయరండి. ఒంటి మీద వెంట్రుకలు తీసుకుంటారు. నాకు 2018లో అచ్చం ఇలాగే అయింది, కాకపోతే నేను ఇబ్బంది పడింది శాంపిల్ ఇచ్చేటప్పుడు కాదు, ఇచ్చిన వారం తర్వాత. అది మీకు ముందే తెలియాలనే ఇంత రాస్తున్నా.

మా బాబు పుట్టువెంట్రుకలు తీయించడానికి అక్టోబర్‌లో ఇండియా వెళ్లాం, వాడితో పాటు నేనూ తలనీలాలు ఇస్తానని మా అమ్మ మొక్కుకుంది, కల్యాణకట్టలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఇచ్చి వచ్చాం. తిరిగొచ్చిన పది రోజులకి కొత్త కంపెనీ వాళ్లు సైట్‌లో అడుగు పెట్టాలంటే యూరిన్, హెయిర్ రెండూ ఇవ్వాలన్నారు. కలెక్షన్ సెంటర్లో అతను నా తల చూసి ఏమీ అనలేదు, చొక్కా గుండీలు విప్పమన్నాడు. ఛాతీ మీదవి సరిపోలేదు, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి కాళ్లవి కూడా చిన్న ట్రిమ్మర్‌తో తీశాడు, దూది ఉండంత అయ్యేదాకా. నా కళ్ల ముందే ఫాయిల్‌లో చుట్టి, కవర్లో పెట్టి సీల్ వేసి నాతో సంతకం చేయించాడు. సీల్ వేసేదాకా చూపు తిప్పకండి, అది మీ హక్కు.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. తల మీద జుట్టు నెలకి ఇంచుమించు అర అంగుళం పెరుగుతుంది, అందుకే వెనక వైపు నడినెత్తి దగ్గర ఓ వంద వెంట్రుకలు మొదలంటా కత్తిరించి చర్మం వైపు నుంచి ఒకటిన్నర అంగుళం మాత్రమే టెస్ట్ చేస్తారు, అంటే గడిచిన మూడు నెలల లెక్క. నడుము దాకా జడ ఉన్నా సాధారణంగా చూసేది అంతే. ఒంటి మీద వెంట్రుకలు అలా కాదు, కొంత పెరిగి ఆగిపోతాయి, రాలకుండా నెలల తరబడి అలాగే ఉంటాయి, కాబట్టి వాటిలో కనపడింది మొన్నటిదా, ఏడాది కిందటిదా అని ఎవరూ చెప్పలేరు. గుండు వల్ల మీ మూడు నెలల లెక్క కాస్తా దాదాపు ఏడాది లెక్క అయిపోయింది, అంతే తేడా. నిన్న మొన్న వాడినది మాత్రం వెంట్రుకలో కనపడదు, చర్మం పైకి రావడానికి వారం పది రోజులు పడుతుంది, యూరిన్ కూడా అడిగేది అందుకే.

నాకు ఆరో రోజు ఫోన్ వచ్చింది, మెడికల్ రివ్యూ ఆఫీసర్ అని, ల్యాబ్ రిపోర్టులు సరిచూసే ఒక డాక్టర్. మీ శాంపిల్‌లో కోడీన్ (నల్లమందు జాతి మందు) ఉంది, ఏం వాడారు అన్నాడు. నాకు నోట మాట రాలేదు, సిగరెట్ కూడా తాగను నేను. రాత్రంతా ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది, ఫిబ్రవరిలో చెల్లి పెళ్లికి రాజమండ్రి వెళ్లినప్పుడు దగ్గు పట్టుకుని మూడు వారాలు వదల్లేదు, ఈఎన్‌టీ డాక్టర్ రాసిన సిరప్ సీసా మీద సీసా తాగాను. చీటీ ఒక్కసారే, తర్వాత రెండు సీసాలు మెడికల్ షాపు అబ్బాయి చీటీ అడగకుండానే ఇచ్చాడు. ఎనిమిది నెలల కిందటి దగ్గు మందు. తల జుట్టు ఉండి ఉంటే అసలు బయటికే వచ్చేది కాదు.

అమ్మకి ఫోన్ చేశా. ఆ మందు చీటీ బీరువా పై అరలో నాన్నగారి ఎక్స్‌రేల కవర్లో దొరికింది, నాలుగు మడతలు పెట్టి ఉంది. మొదటి ఫొటోలో తేదీ మీద అమ్మ బొటనవేలు, రెండోది మసక, మూడోసారి తెల్లారాక కిటికీ గట్టు మీద పరిచి తీసి పంపింది, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్‌తో సహా చక్కగా కనపడింది. నాకు ఫోన్ చేసిన రివ్యూ డాక్టర్ అది చూసుకుని, రెండు ప్రశ్నలు అడిగి నెగెటివ్ అని రిపోర్ట్ ఇచ్చాడు. ఈలోపు హెచ్‌ఆర్ వాళ్లు కారణం చెప్పకుండా జాయినింగ్ రెండు వారాలు ఆపేశారు, ఇంట్లో చంటిపిల్లాడితో ఆ రెండు వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

ఇక మీ మిగతా డౌట్లు. రూమ్మేట్ గంజాయి తాగుతాడు, ఆ పొగ నాకూ పట్టిందేమో అన్నారు. వెంట్రుకలకి పైన అంటిన దాన్ని కడిగి తీసేస్తారు, పైగా గంజాయికి ఫైనల్ టెస్టులో చూసేది అది ఒంట్లో అరిగాక తయారయ్యే పదార్థాన్ని, కాబట్టి ఆ పొగ గురించి అంత కంగారు వద్దు, కానీ వీలైతే ఆ రూమ్ మారండి. టెస్ట్‌లో ఏమీ కనపడకుండా చేస్తుందని ఫ్రెండ్ చెప్పిన షాంపూ కొనకండి. ఒళ్లంతా షేవ్ చేసుకుని వెళ్లడం ఇంకా ప్రమాదం, చాలా కంపెనీల్లో దాన్ని టెస్ట్‌కి ఒప్పుకోనట్టే రాస్తారు. గసగసాల కూర తింటే పాజిటివ్ వస్తుందేమో అన్న భయం ఎక్కువగా యూరిన్ టెస్ట్‌కి సంబంధించింది, దానివల్లే 1998లో అమెరికా ఫెడరల్ యూరిన్ టెస్టుల్లో ఓపియేట్స్ (నల్లమందు జాతి మందులు) కటాఫ్‌ని, అంటే పాజిటివ్ అనడానికి పెట్టిన హద్దుని, మిల్లీలీటరుకి 300 నుంచి 2000 నానోగ్రాములకి పెంచారు, అయినా టెస్ట్ అయ్యేదాకా కూరలో వేసుకోకండి.

ల్యాబ్ చెప్పిందే వేదం అనుకుని ఫోన్లో తడబడి ఒప్పేసుకోకండి. కొకైన్ లాంటివి నల్లటి జుట్టులో రంగుకి ఎక్కువ అంటుకుంటాయని సైంటిస్టులే చెప్తారు. బోస్టన్ పోలీసుల్లో ఎనిమిదేళ్ల హెయిర్ టెస్టులు చూస్తే కొకైన్ పాజిటివ్ నల్లజాతి వాళ్లలో 1.3 శాతం, తెల్లవాళ్లలో 0.3 శాతం లోపు, అది కోర్టుకెక్కితే ఈ తేడా ఏదో కాకతాళీయంగా వచ్చింది కాదని 2014లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కూడా అంది. అందుకే డాక్టర్ ఫోన్ చేస్తే తప్పకుండా ఎత్తండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, టైమ్ అడగండి.

ఈ రాత్రికే ఇంటికి ఫోన్ చేసి గడిచిన ఏడాదిలో వాడిన ప్రతి మందు చీటీ వెతికించండి, దగ్గుకైనా, పన్ను పీకించుకున్నప్పటి నొప్పికైనా సరే. తేదీ, డాక్టర్ పేరు, నంబర్ కనపడేలా పగటి వెలుగులో ఫొటో తీయమనండి.