తుంగభద్రను విడవకుండా తిరగండి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, కర్నూలు నుండి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మీ బడి పిల్లలను రెండు రోజులు కర్నూలుకు తీసుకొస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. నీవు పంపిన పట్టికలో బెలూం గుహలు, యాగంటి, మహానంది, మంత్రాలయం అన్నీ ఉన్నాయి. వాటిని మరో ఏటికి వాయిదా వెయ్యమ్మా. తలా ఒక దిక్కున ఉన్న ఆ చోట్లన్నీ చుట్టి వస్తే పిల్లలకు బస్సు ప్రయాణమే మిగులుతుంది. ఈసారికి నదిని పట్టుకొని తిరగండి. ఈ ఊరికి నది ఏమి ఇచ్చిందో, ఏమి తీసుకుపోయిందో వాళ్లకు అర్థమైతే చాలు.

మొదటి రోజు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినిపించి, ఎండ ముదరకముందే కొండారెడ్డి బురుజుకు తీసుకెళ్లు. విజయనగర కాలపు కోటలో మిగిలిన భాగమది. 1953 అక్టోబరు 1 నుండి మూడేళ్లపాటు ఆంధ్ర రాష్ట్రానికి ఈ ఊరే రాజధాని అని అక్కడే చెప్పు. ఆ తరువాత హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధిని, అదే గోల్ గుమ్మజ్‌ను, చూపించు. తిరిగి వచ్చేటప్పుడు పాతబస్తీలో అరుగు మీద కూర్చున్న ఏ పెద్దాయననైనా 2009 అక్టోబరు వరద గురించి అడగమను. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

రెండో రోజు పూర్తిగా అలంపురానికే కేటాయించు. తుంగభద్రకు అవతల, తెలంగాణలో ఉన్నా, కర్నూలు నుండి గంటలోపు ప్రయాణమే. జోగులాంబ దర్శనం ముగియగానే బయలుదేరిపోయేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే పక్కనే బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు ఉన్నాయి. తొమ్మిదింటినీ పరుగున చూపించవద్దు. స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర అరగంట నిలబెట్టు. మన వైపు గుళ్లలో కనిపించే మెట్ల మెట్ల గోపురం అక్కడ ఉండదు. శిఖరం ఒంపు తిరుగుతూ పైకి సాగి, ఉసిరికాయ గీతల వంటి అంచులున్న ఆమలకం అనే గుండ్రటి రాతితో ముగుస్తుంది. దాని బొమ్మను పిల్లల చేత గీయించు. గీసిన చెయ్యి మరచిపోదు. అక్కడి రాళ్లు మధ్యాహ్నానికి కాలిపోతాయి గనుక పదకొండులోపు ముగించడం మంచిది.

తరువాత కూడవెల్లి సంగమేశ్వరాలయానికి, పాపనాశి గుళ్లకు తప్పక వెళ్లండి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతాయని వాటిని రాయి రాయిగా ఊడదీసి అలంపురం దగ్గరకు తెచ్చి, మళ్లీ పేర్చి నిలబెట్టారు. ఆ జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. మనుషులు కొత్త చోట ఇల్లు కట్టుకున్నట్లే దేవుళ్లకూ కట్టారని చెబితే పిల్లలు ఆ రాళ్లను వేరే కంటితో చూస్తారు. తిరుగు ప్రయాణంలో పొద్దు ఉంటే, అదే విధంగా తరలివచ్చిన రూపాల సంగమేశ్వరాలయాన్ని మన జగన్నాథ గట్టు మీద చూడవచ్చు.

ఈ రెండు సంగమేశ్వరాలయాలు కాక, కృష్ణ ఒడ్డున ఉన్న సంగమేశ్వరం గుడి గురించి కూడా అడిగావు. ఏడాదిలో ఎక్కువ నెలలు అది నీటి అడుగునే ఉంటుంది. వేసవిలో జలాశయం తగ్గితేనే బయటపడుతుంది. మీరు డిసెంబరులో వస్తున్నారు కాబట్టి దానిని పట్టికలో నుండి కొట్టెయ్యి. పిల్లలను పుట్టిలోనో పడవలోనో ఎక్కించే ఆలోచన మాత్రం అసలే వద్దు.

బస్సు మాట్లాడేటప్పుడు పక్క రాష్ట్రంలోకి వెళ్లే పర్మిట్ ఉందో లేదో ముందే అడిగి తెలుసుకో. వచ్చే తేదీ ఖాయం కాగానే జాబు రాయి. అలంపురానికి నేనూ మీతో వస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న